పిహెచ్.డి. ప్రవేశం – మార్గదర్శకుని ఎంపిక: వ్యవసాయ విద్యార్థులు గమనించవలసిన అంశాలు

వ్యవసాయ శాస్త్రంలో స్నాతకోత్తర విద్య పూర్తిచేసిన విద్యార్థి ఎదుట సాధారణంగా రెండు మార్గాలు ఉంటాయి. ఒకటి ఉద్యోగం, రెండవది డాక్టరేట్. రెండవ మార్గాన్ని ఎంచుకున్న వారిలో ఎక్కువమంది ఏ విశ్వవిద్యాలయంలో సీటు వస్తుంది, ఫెలోషిప్ ఎంత లభిస్తుంది అన్న విషయాలపైనే దృష్టి నిలుపుతారు. ఎవరి వద్ద పరిశోధన చేయాలి అన్న ప్రశ్న చాలామందికి ప్రవేశం పొందిన తరువాత గాని తట్టదు. విత్తనం గురించి విచారించకుండా పొలం దున్నడం వంటిదే ఇది. డాక్టరేట్ చదువు మూడేళ్లకు తక్కువ కాదు, తరచు నాలుగైదేళ్లు పడుతుంది. ఇరవై ఐదు నుంచి ముప్పై ఏళ్ల మధ్య వయసులో, ఇంటివద్ద తల్లిదండ్రులు సంపాదన కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో, రైతు కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థి పెట్టే పెట్టుబడి ఇది. ఆ కాలం ఫలిస్తుందా, వృథా అవుతుందా అన్నది చాలావరకు మార్గదర్శకుని ఎంపికపై ఆధారపడి ఉంటుంది.

ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న

దరఖాస్తు నింపడానికి ముందు విద్యార్థి తనకు తాను వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. డాక్టరేట్ ఎందుకు? బోధన, పరిశోధన వృత్తిగా స్వీకరించదలచిన వారికి ఇది అవసరమైన అర్హత. విత్తన, ఎరువుల, సస్యరక్షణ కంపెనీల పరిశోధన విభాగాలలో ఎదగడానికి కూడా ఉపకరిస్తుంది. అయితే ఉద్యోగ ప్రకటన వెలువడేవరకు హాస్టల్‌లో ఉండి పోటీ పరీక్షలకు చదువుకోవడానికి అనువైన చోటుగా భావించి డాక్టరేట్‌లో చేరేవారూ ఉన్నారు. అటువంటి వారికి పరిశోధన భారమవుతుంది, వారి ప్రయోగం మార్గదర్శకునికి భారమవుతుంది. పోటీ పరీక్ష లక్ష్యమైతే దానికే సమయం కేటాయించుకోవడం ఉభయులకూ మంచిది.

ఒక శాస్త్ర సమస్యపై విసుగు లేకుండా నాలుగేళ్లు ఆలోచించగలనా, ఫలితం రాని ఋతువు తరువాత మళ్లీ విత్తనం వేయగలనా అన్నవి అసలైన పరీక్షలు. ఎమ్మెస్సీ సిద్ధాంత గ్రంథం వ్రాసేటప్పుడు ఏ అధ్యాయం ఆసక్తి కలిగించింది, ఏది బరువనిపించింది అని గుర్తుచేసుకుంటే సమాధానం చాలావరకు దొరుకుతుంది.

ప్రవేశ మార్గాలు

మన దేశంలో వ్యవసాయ డాక్టరేట్‌కు ప్రధాన ద్వారం భారత వ్యవసాయ పరిశోధన మండలి నిర్వహింపజేసే అఖిల భారత పోటీ పరీక్ష. 2019 నుంచి దీనిని జాతీయ పరీక్షా సంస్థ నిర్వహిస్తోంది. మండలికి చెందిన డీమ్డ్ విశ్వవిద్యాలయాలలోను, రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయాలలో మండలి కోటా సీట్లలోను ప్రవేశానికి ఈ పరీక్ష ర్యాంకు ఆధారం. మిగిలిన సీట్లను విశ్వవిద్యాలయాలు తమ నిబంధనల ప్రకారం భర్తీ చేసుకుంటాయి. ఈ నిబంధనలు మారుతూ ఉంటాయి గనుక సీనియర్లు చెప్పిన మాటపై ఆధారపడక ఆ సంవత్సరపు ప్రవేశ ప్రకటనను చివరి పేజీ వరకు చదవాలి. ఏ ఎమ్మెస్సీ విభాగం వారు ఏ డాక్టరేట్ విభాగానికి అర్హులో ప్రత్యేకంగా చూసుకోవాలి. దరఖాస్తుల తిరస్కరణకు ఇక్కడి పొరపాటు ఒక ముఖ్య కారణం.

విదేశాలలో పద్ధతి వేరు. అమెరికాలో 1862 నాటి మోరిల్ చట్టం ఫలితంగా ఏర్పడిన లాండ్ గ్రాంట్ విశ్వవిద్యాలయాలలో వ్యవసాయ డాక్టరేట్ విద్యార్థుల్లో చాలామందికి పరిశోధన అసిస్టెంట్‌షిప్ రూపంలో ఆర్థిక సహాయం అందుతుంది. ఆ సొమ్ము ఎక్కువగా ఆచార్యుల ప్రాజెక్టుల నుంచి వస్తుంది. కావున ఆచార్యుడు అంగీకరించనిదే మంచి మార్కులున్నా ప్రవేశం కష్టం. ఆగస్టులో మొదలయ్యే విద్యా సంవత్సరానికి దరఖాస్తు గడువు సాధారణంగా అంతకు ముందటి డిసెంబరు, జనవరి మాసాలలో ముగుస్తుంది. ఆచార్యులకు లేఖలు వ్రాయడం ఆగస్టు, సెప్టెంబరులలోనే ప్రారంభం కావాలి. ఆర్థిక సహాయంతో కూడిన అవకాశాన్ని అంగీకరించడానికి ఏప్రిల్ 15 వరకు గడువు ఇవ్వాలన్న ఒడంబడికను అక్కడి విశ్వవిద్యాలయాలు అనేకం పాటిస్తాయి. ఈ సంగతి తెలియక తొందరపడి మొదటి అవకాశానికే సమ్మతించేవారు ఉన్నారు.

జర్మనీలో డాక్టరేట్ స్థానాలు చాలావరకు ఉద్యోగ ప్రకటనల వలె వెలువడతాయి. ఎంపికైనవారు వేతన ఒప్పందంపై పనిచేస్తారు. ఆస్ట్రేలియాలో ఉపకార వేతనానికి దరఖాస్తు చేయడానికి ముందే మార్గదర్శకుని సమ్మతి అడుగుతారు. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ విశ్వవిద్యాలయంలో, పరిశోధన కాలంలో కొంత అక్కడ, ఎక్కువ భాగం స్వదేశంలో గడిపే శాండ్‌విచ్ పద్ధతి ఉంది. మన నేలలు, మన పంటలపై పనిచేయదలచిన వారికి ఇది అనుకూలం. మన మండలి ఇచ్చే నేతాజీ సుభాష్ అంతర్జాతీయ ఫెలోషిప్ కూడా విదేశీ డాక్టరేట్‌కు తోడ్పడుతుంది.

100 క్రెడిట్లలో 75

మండలి డీన్‌లకు, విశ్వవిద్యాలయాలకు సిఫారసు చేసిన ప్రస్తుత పాఠ్య ప్రణాళికలో డాక్టరేట్ పట్టాకు 100 క్రెడిట్లు నిర్ణయించారు. అందులో ప్రధాన విషయానికి 12, అనుబంధ విషయానికి 6, సహాయక కోర్సులకు 5, సెమినార్లకు 2. తక్కిన 75 క్రెడిట్లు పరిశోధనవే. తరగతి గదిలో అధ్యాపకుడు నచ్చకపోతే పుస్తకం చదువుకుని గట్టెక్కవచ్చు. పరిశోధనలో అటువంటి అవకాశం లేదు. ప్రయోగ స్థలం, కూలీల కేటాయింపు, ప్రయోగశాల ప్రవేశం, రసాయనాల కొనుగోలు, సలహా సంఘం సమావేశం, అధ్యాయాల దిద్దుబాటు, పరిశోధన పత్రం, చివరకు ఉద్యోగానికి సిఫారసు లేఖ, ఇవన్నీ ఒకే వ్యక్తి చేతి మీదుగా సాగుతాయి. నాలుగింట మూడు వంతుల చదువు ఒక్క సంబంధంపై నిలబడి ఉందన్నమాట.

విశ్వవిద్యాలయం పేరు ఉద్యోగ దరఖాస్తులో ఒక పంక్తి. మార్గదర్శకుని ప్రభావం ప్రయోగాన్ని రూపొందించే తీరులో, గణాంకాలను చదివే తీరులో, వైఫల్యాన్ని ఒప్పుకునే తీరులో జీవితాంతం కనిపిస్తుంది.

చరిత్ర చెప్పే పాఠం

నార్మన్ బోర్లాగ్ 1937లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం నుంచి అటవీ శాస్త్రంలో పట్టా పొందారు. ఆ రోజుల్లో అక్కడి వృక్ష వ్యాధి శాస్త్ర విభాగంలో ఇ.సి. స్టాక్‌మన్ తుప్పు తెగుళ్లపై పనిచేస్తున్నారు. ఆయన ఉపన్యాసం విన్న బోర్లాగ్ తన దారి మార్చుకున్నారు. అడవుల వ్యాధులకే పరిమితం కాకుండా విస్తృతమైన వృక్ష వ్యాధి శాస్త్రాన్ని చదవమని స్టాక్‌మన్ సలహా ఇచ్చారు. 1942లో బోర్లాగ్ డాక్టరేట్ పొందారు. ఆయన పరిశోధన అంశం గోధుమ కాదు. అవిసె పంటలో ఎండు తెగులు కలిగించే ఫ్యుజేరియం శిలీంధ్రంలోని వైవిధ్యంపై ఆయన సిద్ధాంత గ్రంథం వ్రాశారు. 1944లో ఆయన మెక్సికోకు వెళ్లడం వెనుక, గోధుమ పరిశోధనలో చేరడం వెనుక స్టాక్‌మన్ ప్రోత్సాహం ఉంది. అక్కడి కార్యక్రమానికి నాయకత్వం వహించిన జార్జ్ హారర్ కూడా స్టాక్‌మన్ శిష్యుడే. 1970లో బోర్లాగ్‌కు నోబెల్ శాంతి బహుమతి లభించింది.

ఎం.ఎస్. స్వామినాథన్ 1952లో కేంబ్రిడ్జ్ నుంచి డాక్టరేట్ పొందింది బంగాళాదుంప, దాని సంబంధిత జాతులపై చేసిన పరిశోధనకు. దేశం ఆయనను గుర్తుంచుకున్నది గోధుమ, వరి పంటలలో చేసిన కృషికి.

ఈ రెండు జీవితాలు విద్యార్థికి ఒక భయాన్ని తొలగిస్తాయి. డాక్టరేట్ అంశం జీవితకాలపు సంకెల కాదు. అంశం మారవచ్చు, పంట మారవచ్చు. సమస్యను పట్టుకునే విధానం, శ్రమించే అలవాటు, తోటి శాస్త్రజ్ఞుల పరిచయం మాత్రం మిగులుతాయి. కనుక ఇష్టమైన అంశం, ఇష్టపడదగిన మార్గదర్శకుడు ఒకేచోట దొరకనప్పుడు రెండవదానికే ప్రాధాన్యం ఇవ్వడం వివేకం.

మార్గదర్శకుని గురించి తెలుసుకునే విధం

పేరు ప్రఖ్యాతులు, పురస్కారాలు, ప్రచురణల సంఖ్య తొలి చూపులో కనిపించే గుణాలు. విద్యార్థికి కావలసిన సమాచారం అంతకన్నా లోతైనది. దానిని సేకరించడానికి నేడు మంచి సాధనాలు ఉన్నాయి. దేశంలోని వ్యవసాయ సిద్ధాంత గ్రంథాలు కృషికోశ్‌లోను, ఇతర విశ్వవిద్యాలయాల గ్రంథాలు శోధగంగలోను లభిస్తాయి. ఒక మార్గదర్శకుని వద్ద గత పదేళ్లలో సమర్పించిన రెండు మూడు గ్రంథాలను తీసి చదవాలి. ప్రవేశ సంవత్సరానికి, సమర్పణ సంవత్సరానికి మధ్య ఎంత వ్యవధి ఉందో చూడాలి. ప్రయోగం ఎన్ని ఋతువులు సాగింది, ఫలితాల చర్చలో విద్యార్థి సొంత ఆలోచన కనిపిస్తుందా, లేక ప్రతి గ్రంథం అవే ట్రీట్‌మెంట్లతో పంట పేరు మాత్రం మార్చుకున్నదా అన్నది పరిశీలించాలి. ఆ గ్రంథాల నుంచి వెలువడిన పత్రాలలో విద్యార్థి పేరు మొదట ఉందా అన్నది కూడా గమనించాలి. అవి జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ రేటింగ్ పొందిన పత్రికలలో వచ్చాయా అన్నది ఉద్యోగ నియామకాలలో పనికివచ్చే విషయం.

రెండవ సాధనం పూర్వ విద్యార్థులు. ప్రస్తుత విద్యార్థులు మనసు విప్పి మాట్లాడలేకపోవచ్చు. పట్టా పొంది వెళ్లినవారు చెప్పగలరు. మార్గదర్శకులు మంచివారేనా అని అడిగితే అవునన్న సమాధానమే వస్తుంది. నిర్దిష్టమైన ప్రశ్నలు వేయాలి. ఇచ్చిన అధ్యాయం దిద్ది తిరిగి రావడానికి ఎన్ని వారాలు పట్టేది? విత్తే రోజున, కోత రోజున పొలానికి వచ్చేవారా? ప్రయోగం దెబ్బతిన్నప్పుడు ఏమన్నారు? ఫలితాలు ఊహకు విరుద్ధంగా వస్తే అంగీకరించారా, అంకెలు సరిచూడమని సూచించారా? సొంత పనులు, ఇంటి పనులు చెప్పేవారా? మధ్యలో మానివేసినవారు ఎవరైనా ఉన్నారా? చివరి ప్రశ్నకు వచ్చే జవాబు తక్కిన అన్నింటికంటె విలువైనది. మానివేసినవారితో కూడా మాట్లాడగలిగితే చిత్రం పూర్తవుతుంది. ఒక్కరి మాటపై నిర్ణయం తీసుకోరాదు. ముగ్గురు నలుగురు ఒకే మాట చెబితే దానిని నమ్మవచ్చు.

మూడవది మార్గదర్శకుని వద్ద ఉన్న సమయం. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 నిబంధనల ప్రకారం ఒక కాలంలో ప్రొఫెసర్ ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి డాక్టరేట్ విద్యార్థులను చేర్చుకోరాదు. పదవీ విరమణకు మూడేళ్లలోపు సర్వీసు మిగిలినవారు కొత్త విద్యార్థులను తీసుకోరాదు. వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు తమ స్వంత నిబంధనలు ఉంటాయి. అయినా ఈ అంకెలు విద్యార్థికి మంచి కొలబద్దలు. పాలనా పదవిలో ఉన్న ప్రసిద్ధ ఆచార్యుని వద్ద వారానికి పది నిమిషాలు దొరకడం కన్నా, పేరు ఇంకా రాని యువ అధ్యాపకుని వద్ద వారానికి ఒక గంట దొరకడం మేలు కావచ్చు. అయితే యువ అధ్యాపకునికి నిధులు, పరిచయాలు తక్కువగా ఉండే అవకాశం ఉంది. అనుభవజ్ఞులైన ఒకరిద్దరు సలహా సంఘంలో ఉంటే ఆ లోటు తీరుతుంది.

మన రాష్ట్రాలలో ప్రత్యేకంగా గమనించవలసినది బదిలీ. వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు కళాశాలల మధ్య, ప్రాంతీయ పరిశోధన స్థానాల మధ్య బదిలీ అవుతుంటారు. బాపట్లలో మొదలైన పరిశోధనకు మార్గదర్శకుడు తిరుపతిలోనో, అనంతపురంలోనో ఉండవలసి రావచ్చు. ఆ స్థితిలో పని ఆగకుండా చూసేది సలహా సంఘంలోని స్థానిక సభ్యులే. అందువల్ల సంఘ సభ్యుల ఎంపికను సంతకాల లాంఛనంగా భావించరాదు. అనుబంధ విషయం నుంచి వచ్చే సభ్యుడు నేల రసాయన విశ్లేషణలోనో, గణాంక శాస్త్రంలోనో నిజంగా తోడ్పడగలవాడై ఉండాలి.

పొలం పెట్టే పరీక్ష

ప్రయోగశాల శాస్త్రాలకు, సస్యశాస్త్రానికి పెద్ద తేడా ఋతువు. ప్రయోగశాలలో విఫలమైన పరీక్షను మరుసటి వారం తిరిగి చేయవచ్చు. ఖరీఫ్ వరి తప్పితే మళ్లీ ఖరీఫ్ వరకు ఆగాలి. క్షేత్ర ప్రయోగం కనీసం రెండేళ్ల ఫలితాలు చూపాలని కోరడం ఆనవాయితీ. జులైలో ప్రవేశం పొందిన విద్యార్థి కోర్సులు ముగించి, పరిశోధన ప్రణాళిక ఆమోదింపజేసుకునేసరికి ఆలస్యమైతే మరుసటి ఖరీఫ్ చేజారుతుంది. ఒక సంతకం నెల రోజులు ఆలస్యం కావడం వల్ల ఒక సంవత్సరం పోయే అవకాశం ఉంది. కావున ప్రణాళికను సకాలంలో చదివి ఆమోదించే అలవాటు సస్యశాస్త్ర మార్గదర్శకునిలో అన్నింటికన్నా ముఖ్య గుణం.

కృష్ణా డెల్టాలో వరి తరువాత దుక్కి దున్నకుండా వేసే మొక్కజొన్నలో నత్రజని యాజమాన్యంపై ఒక విద్యార్థి పనిచేయదలచాడనుకుందాం. అతనికి ముందటి ఖరీఫ్‌లోనే స్థలం కేటాయించాలి. వరి కోసిన వెంటనే విత్తడానికి కూలీలు దొరకాలి. వందలాది మొక్కల, మట్టి నమూనాలను ఎండబెట్టి, పొడి చేసి, నత్రజని అంచనా వేయడానికి పరికరం పనిచేస్తూ ఉండాలి. స్ప్లిట్ ప్లాట్ పద్ధతిలో ఎన్ని రెప్లికేషన్లు ఉండాలో విత్తకముందే గణాంక శాస్త్రజ్ఞునితో చర్చించాలి. ఈ నాలుగింటికీ స్పష్టమైన జవాబు ఇవ్వగల మార్గదర్శకుడు దొరికితే విద్యార్థి సగం పని పూర్తయినట్లే. చేరిన తరువాత చూసుకుందాం అన్న జవాబు వస్తే జాగ్రత్త పడాలి.

విద్యార్థినుల విషయంలో మరికొన్ని ప్రశ్నలు అదనం. ప్రయోగ క్షేత్రం వసతిగృహానికి ఎంత దూరం, తెల్లవారుజామున నీరు పెట్టవలసిన రోజుల్లో రవాణా ఉందా, క్షేత్రంలో మరుగుదొడ్డి ఉందా, అంతర్గత ఫిర్యాదుల సంఘం సభ్యులు ఎవరు? ఇవి అడగడానికి సంకోచించవలసిన పని లేదు. 2022 నిబంధనలు మహిళా పరిశోధకులకు 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు కల్పించాయి. తమ విశ్వవిద్యాలయంలో అది ఎలా అమలవుతోందో ముందే తెలుసుకోవాలి.

తొలి లేఖ

ఆచార్యునికి వ్రాసే మొదటి లేఖ విద్యార్థి ఆలోచనకు అద్దం. ఒకే లేఖను యాభై మందికి పంపడం వల్ల ప్రయోజనం లేదు. గౌరవ సంబోధనలతో, పొగడ్తలతో నిండిన లేఖలకు జవాబు రావడం అరుదు. నాలుగు పేరాలు చాలు. మొదటి దానిలో తానెవరో, ఏమి చదివాడో, ఏ సంవత్సరపు ప్రవేశాన్ని ఆశిస్తున్నాడో తెలపాలి. రెండవ దానిలో ఎమ్మెస్సీ పరిశోధనలో ఏమి కనుగొన్నాడో మూడు వాక్యాలలో చెప్పాలి. మూడవ దానిలో ఆ ఆచార్యుని ఒక పరిశోధన పత్రం చదివి దాని నుంచి తలెత్తిన ప్రశ్నను వ్రాయాలి. చివరి దానిలో విద్యార్థులను చేర్చుకునే అవకాశం ఉందా అని సూటిగా అడగాలి. మార్కుల వివరాలు, జీవిత సంగ్రహం జతపరచాలి. రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేయవచ్చు. ఆపై మరొకరిని ప్రయత్నించాలి.

సిఫారసు లేఖ ఇచ్చేవారిని ఎంచుకునేటప్పుడు పదవి కన్నా పరిచయానికి విలువ ఇవ్వాలి. విద్యార్థిని పొలంలో చూసిన అధ్యాపకుని లేఖలో ఉదాహరణ ఉంటుంది. హోదా గల అపరిచితుని లేఖలో విశేషణాలే ఉంటాయి.

మన దేశంలో చాలాచోట్ల మార్గదర్శకుని కేటాయింపు ప్రవేశం తరువాత జరుగుతుంది. ఖాళీలు, ర్యాంకు, విభాగ అవసరాలు దానిని నిర్ణయిస్తాయి. అయినా విద్యార్థి ఇష్టాన్ని విభాగాధిపతి అడిగే సందర్భం తప్పక వస్తుంది. ఆ రోజుకు సిద్ధంగా ఉన్న విద్యార్థి మూడు పేర్లు కారణాలతో చెప్పగలడు. సిద్ధంగా లేనివాడు మిగిలిన చోట చేరతాడు.

ఉద్యోగంలో ఉన్నవారికి

కృషి విజ్ఞాన కేంద్రాలలో, ఏరువాక కేంద్రాలలో పనిచేస్తూ డాక్టరేట్ చేయదలచిన విస్తరణ శాస్త్రజ్ఞులకు ఒక గొప్ప అనుకూలత ఉంది. వారి వద్ద సమస్య సిద్ధంగా ఉంటుంది. ఒక సాంకేతికత ప్రదర్శన క్షేత్రంలో దిగుబడి పెంచినా పక్క గ్రామ రైతులు ఎందుకు స్వీకరించలేదన్న ప్రశ్న వారిని రోజూ ఎదుర్కొంటుంది. పుస్తకాల నుంచి వెతికి తెచ్చిన అంశం కన్నా ఇటువంటి ప్రశ్న బలమైనది. ప్రతికూలత సమయం. విద్యా సెలవు, బాండు షరతులు, కోర్సు కాలంలో తప్పనిసరి హాజరు వివరాలను లిఖితపూర్వకంగా తెలుసుకున్న తరువాతే చేరాలి. కేంద్రం క్షేత్ర పరీక్షల సమాచారాన్ని సిద్ధాంత గ్రంథంలో వాడదలచినప్పుడు ముందుగా అనుమతి పొందాలి. పాత సమాచారాన్ని కొత్త ప్రయోగంగా చూపడం తగదు. వయసులో తనకన్నా చిన్నవాడైన మార్గదర్శకుని వద్ద విద్యార్థిగా ఒదిగి ఉండగలనా అన్నది కూడా నిజాయితీగా ఆలోచించుకోవలసిన విషయమే.

సంబంధం చెడినప్పుడు

ఎంత జాగ్రత్త వహించినా కొన్ని ఎంపికలు కలసిరావు. భిన్నాభిప్రాయం వేరు, వేధింపు వేరు. అధ్యాయాన్ని మూడుసార్లు తిరిగి వ్రాయించడం వేధింపు కాదు, శిక్షణ. దిద్దకుండా ఆరు నెలలు బల్లపై ఉంచడం శిక్షణ కాదు. మొదటి తరహా కష్టాన్ని ఓర్చుకోవాలి. రెండవ తరహా కష్టాన్ని నమోదు చేయాలి. సమావేశం జరిగిన ప్రతిసారి చర్చించిన అంశాలను మర్యాదగా ఈమెయిల్‌లో పంపడం మంచి అలవాటు. అది జ్ఞాపకంగాను, అవసరమైతే ఆధారంగాను ఉపయోగపడుతుంది. సలహా సంఘ సభ్యులకు, విభాగాధిపతికి, స్నాతకోత్తర విద్య డీన్‌కు క్రమంగా తెలియజేయాలి. మార్గదర్శకుని మార్పుకు నిబంధనలు అవకాశం కల్పిస్తాయి. పరిశోధన ప్రణాళిక ఆమోదానికి ముందు ఈ మార్పు సులభం, రెండు ఋతువులు గడిచాక కష్టం. మౌనంగా భరించి, చివరకు చదువే మానివేయడం అన్నింటికన్నా నష్టదాయకం.

మార్గదర్శకుల బాధ్యత

ఎంపిక ఏకపక్షం కాదు. విద్యార్థి మార్గదర్శకుని పరిశీలిస్తున్నాడంటే మార్గదర్శకుడు అవమానంగా భావించనవసరం లేదు. తన వద్ద ఎన్ని నిధులున్నాయి, ఎంత సమయం ఇవ్వగలడు, పత్రాలలో పేర్ల క్రమం ఎలా నిర్ణయిస్తాడు అన్న విషయాలను తొలి సమావేశంలోనే చెప్పే ఆచార్యునికి మంచి విద్యార్థులు తమంతట తామే వస్తారు. చెప్పడానికి ఇష్టపడనివారి వద్దకు వేరే దారి లేనివారు వస్తారు. ర్యాంకులో వెనుకబడిన విద్యార్థి, ఇంగ్లీషులో తడబడే విద్యార్థి, ఇంట్లో తొలిసారి కళాశాల గడప దాటిన విద్యార్థి ఈ ప్రశ్నలు అడగలేకపోవచ్చు. వారికి అడగకుండానే చెప్పవలసిన బాధ్యత విభాగాలదే. ప్రతి విభాగం తన మార్గదర్శకుల జాబితాను, వారి వద్ద ఉన్న ఖాళీలను, గత ఐదేళ్లలో గ్రంథ సమర్పణకు పట్టిన కాలాన్ని ప్రవేశ సమయంలో నోటీసు బోర్డుపై ఉంచితే ఖర్చేమీ కాదు. విద్యార్థి మాత్రం ఒక సంవత్సరాన్ని, ఒక్కోసారి తన చదువునే కాపాడుకోగలుగుతాడు.